ఇనుము, గాజు, ఒక ఉత్తరం: వెట్స్లార్ అనే ఊరి కథ

అమెరికా నుంచి ఇండియా వెళ్తూ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక్కసారైనా విమానం మారని తెలుగు కుటుంబం అరుదు. పిల్లల్ని, హ్యాండ్ బ్యాగుల్ని లాక్కుంటూ టెర్మినళ్ళ మధ్య పరుగెత్తడమే తప్ప, ఆ అద్దాల గోడల అవతల ఏముందో చూసే తీరిక మనకు ఎప్పుడూ దొరకదు. ఆ విమానాశ్రయం నుంచి ఉత్తర దిక్కుగా కారులో సుమారు గంట ప్రయాణిస్తే, లాన్ అనే చిన్న నది ఒడ్డున వెట్స్లార్ అనే ఊరు వస్తుంది. జనాభా యాభై వేల పైచిలుకు. మన లెక్కలో ఒక మోస్తరు మునిసిపాలిటీ.

ఈ మహాసభల్లో మీరు సెల్‌ఫోనుతో తీసుకునే ప్రతి ఫోటోకూ ముత్తాతలాంటి కెమెరా ఒకటి ఆ ఊళ్ళో పుట్టింది. మన ఇళ్ళలో అట్టపెట్టెల్లో భద్రంగా దాచుకున్న పాత పెళ్ళి ఫోటోలు చాలావరకు నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవు ఉంటాయి. ఆ కొలత ఎక్కడి నుంచి వచ్చిందని ఎప్పుడైనా ఆలోచించారా? అది కూడా అక్కడి నుంచి వచ్చిందే.

కొన్నేళ్ళ క్రితం ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు పని మీద నేను ఆరు నెలలు ఆ ప్రాంతంలో ఉన్నాను. చదివింది ఇంజనీరింగ్, చరిత్ర కాదు. అయితే సాయంత్రం ఆరు దాటితే దుకాణాలు మూసేసే ఊళ్ళో, ఆదివారం పూట చేయడానికి ఏమీ లేని ఊళ్ళో, నడవడం, చదవడం, ఇంటి యజమానురాలితో కబుర్లు చెప్పడం తప్ప వేరే కాలక్షేపం లేదు. ఎనభై దాటిన ఆ పెద్దావిడ తండ్రి లెన్సులు సానపట్టే కార్మికుడు. అలా మొదలైన ఆసక్తి నన్ను ఈ వ్యాసం దాకా తీసుకొచ్చింది.

ఫ్యాక్టరీలకు ముందు

ఊరు చాలా పాతది. 1180లో ఫ్రెడరిక్ బార్బరోస్సా చక్రవర్తి ఇక్కడి వర్తకులకు ప్రత్యేక హక్కులు ఇచ్చాడు. ఆ తర్వాత ఏ జమీందారుకూ లోబడకుండా నేరుగా చక్రవర్తికే జవాబుదారీగా ఉండే స్వేచ్ఛా నగరంగా 1803 వరకు కొనసాగింది. చుట్టుపక్కల కొండల్లో ఇనుప ఖనిజం, దిగువన నది, నది మీద మధ్యయుగాల నాటి రాతి వంతెన. ఆ వంతెన ఇప్పటికీ ఉంది. పాత ఊళ్ళోని ఒక కూడలి పేరు ఐజెన్‌మార్క్ట్, అంటే ఇనుప బజారు. ఊరి వ్యాపారమేమిటో ఆ పేరే చెబుతుంది.

ఊరి మధ్యలో పెద్ద చర్చి. 1230 ప్రాంతంలో పాత చర్చిని పడగొట్టుకుంటూ కొత్తది కట్టడం మొదలుపెట్టారు. కట్టడం పూర్తి కాలేదు. అందువల్ల కొత్త గోడల వెనక పాత శిఖరం ఇప్పటికీ తొంగిచూస్తూ ఉంటుంది. మతసంస్కరణ తర్వాత జర్మనీ అంతటా క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు కొట్టుకు చస్తుంటే, ఈ ఊరివాళ్ళు మాత్రం ఒకే చర్చిని వేళలు పంచుకుని ఇద్దరూ వాడుకునేట్టు ఏర్పాటు చేసుకున్నారు. ఆ ఏర్పాటు నేటికీ నడుస్తోంది. ఊరివాళ్ళ స్వభావం గురించి ఇదొక్కటి చెబితే చాలనిపిస్తుంది.

1689లో ఫ్రెంచి సేనలు స్పైయర్ నగరాన్ని తగలబెట్టడంతో, అక్కడ ఉన్న సామ్రాజ్య ఉన్నత న్యాయస్థానానికి నిలువ నీడ లేకుండా పోయింది. అది వెట్స్లార్‌కు తరలివచ్చి 1693 నుంచి 1806 దాకా ఇక్కడే నడిచింది. న్యాయమూర్తులు, వకీళ్ళు, గుమాస్తాలు, వాళ్ళ వెనకే బట్టల కొట్లు, పూటకూళ్ళ ఇళ్ళు వచ్చాయి. కేసులు మాత్రం తరాల తరబడి తెమిలేవి కావు. వాయిదాల మీద వాయిదాలు పడే కోర్టులు మన సొత్తేననుకునే వాళ్ళు ఈ కోర్టు చరిత్ర చదవాలి.

1772లో ఇరవై రెండేళ్ళ కుర్ర వకీలు ఒకడు ఇక్కడికి పని నేర్చుకోవడానికి వచ్చాడు. ఫైళ్ళ మీద కన్నా, అప్పటికే వేరొకరితో పెళ్ళి నిశ్చయమైన షార్లొట్టె బఫ్ అనే అమ్మాయి మీద అతనికి ఎక్కువ ధ్యాస కలిగింది. నాలుగు నెలలకే మనసు విరిగి ఊరు వదిలాడు. ఆ శరదృతువులోనే ఈ ఊళ్ళో పరిచయమున్న మరో యువకుడు, యెరూజలెం అనే దౌత్య కార్యదర్శి, ప్రేమ విఫలమై తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. ఈ రెండు కథల్నీ కలిపి మన కుర్ర వకీలు 1774లో ఒక నవల రాశాడు. నవల పేరు 'యువ వెర్టర్ వెతలు', వకీలు పేరు గెటె. యూరప్ అంతా ఆ పుస్తకం చదివి కన్నీళ్ళు పెట్టుకుంది.

1806లో సామ్రాజ్యమే రద్దయింది, దాంతో కోర్టూ మూతపడింది. వకీళ్ళు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు. ఊరు బోసిపోయింది. ఒకే ఒక్క ఆదాయం మీద బతికే ఊరికి ఆ ఆదాయం పోతే ఏమవుతుందో వెట్స్లార్ అప్పుడు మొదటిసారి చూసింది. ఆఖరిసారి మాత్రం కాదు.

ఇనుము

1815లో ఊరు ప్రష్యా రాజ్యంలో కలిసింది. 1862, 1863ల్లో రెండు రైలు మార్గాలు వెట్స్లార్‌కు వచ్చాయి. అంతవరకు బండ్ల మీదా పడవల మీదా సాగిన ఖనిజం రవాణాకు ఒక్కసారిగా దారి దొరికింది. బుడెరుస్ అనే పాత ఇనుప వ్యాపార కుటుంబం ఇక్కడ సోఫియెన్‌హ్యూటె అనే కర్మాగారం కట్టి, 1872లో బ్లాస్ట్ ఫర్నేసు వెలిగించింది. బుడెరుస్ వాళ్ళ పొయ్యిలు, గొట్టాలు, తర్వాతి కాలంలో ఇళ్ళను వెచ్చబెట్టే బాయిలర్లు జర్మనీ అంతా చేరాయి. ఆ పేరు నేటికీ బాయిలర్ల మీద కనిపిస్తుంది, కాకపోతే 2003 నుంచి అది బాష్ సంస్థ చేతిలో ఉంది.

చాలా పారిశ్రామిక పట్టణాల కథ ఇక్కడితో అయిపోతుంది. ఖనిజం ఉన్నన్నాళ్ళు వైభవం, అయిపోయాక తుప్పు. అమెరికాలో పిట్స్‌బర్గ్, యంగ్స్‌టౌన్ చుట్టుపక్కల ఉండే మన మిత్రులకు ఇది వివరించనక్కరలేదు. ఇక్కడ కూడా 1981లో చివరి బ్లాస్ట్ ఫర్నేసు చల్లారింది. 1983లో ఆ ప్రాంతంలోని ఆఖరి ఇనుప గని ఫోర్టూనా మూతపడింది. ఇప్పుడది ప్రదర్శనశాల, బడిపిల్లలు హెల్మెట్లు పెట్టుకుని లోపలికి దిగి చూసొస్తారు. అయినా వెట్స్లార్ కూలిపోలేదు. ఎందుకంటే ఇనుముతో ఏ సంబంధమూ లేని ఇంకొక విద్య అప్పటికే నూట ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో వేళ్ళూనుకుని ఉంది.

గాజు

కార్ల్ కెల్‌నర్ అనే యువకుడు 1849లో వెట్స్లార్‌లో ఒక చిన్న కార్ఖానా పెట్టాడు. అప్పటికి అతని వయసు ఇరవై మూడు. దూరదర్శినుల కంటి కటకంలో చిత్రం అంచుల దగ్గర వంకరపోయే దోషాన్ని తగ్గించే కొత్త అమరిక కనిపెట్టి, దాని మీద ఒక చిన్న పుస్తకం కూడా అచ్చువేశాడు. తర్వాత మైక్రోస్కోపులు చేయడం మొదలుపెట్టాడు. పక్కనే గీసెన్ విశ్వవిద్యాలయం, కొంచెం పైన మార్బర్గ్ విశ్వవిద్యాలయం. సరుకు కొనేవాళ్ళు ఇంటి పక్కనే ఉన్నట్టు లెక్క. కానీ కెల్‌నర్ 1855లోనే క్షయవ్యాధితో చనిపోయాడు. ఇరవై తొమ్మిదేళ్ళకే జీవితం ముగిసింది.

ఆ కార్ఖానాలోకి 1864లో ఎర్న్‌స్ట్ లైట్స్ అనే మెకానిక్ వచ్చి చేరాడు. మరుసటి ఏడాదే భాగస్వామి అయ్యాడు, 1869లో మొత్తం సంస్థ అతని చేతికి వచ్చింది. అతను స్విట్జర్లాండ్‌లో గడియారాల పని చూసి వచ్చినవాడు. ఒక్కో మైక్రోస్కోపునూ ఒక్కో విగ్రహంలా చెక్కే పద్ధతి మానిపించి, గడియారాల్లాగే భాగాలను వరసగా, ఒకే కొలతతో తయారుచేసే పద్ధతి తీసుకొచ్చాడు. కాలం కూడా కలిసొచ్చింది. 1882లో రాబర్ట్ కోహ్ క్షయ క్రిమిని కనిపెట్టాక, ప్రపంచంలో ప్రతి వైద్య కళాశాలకూ, ప్రతి ఆసుపత్రికీ మైక్రోస్కోపు అవసరమైంది. 1907లో లైట్స్ కార్ఖానా తన లక్షవ మైక్రోస్కోపును ఆ కోహ్‌కే బహూకరించింది. కెల్‌నర్‌ను పొట్టన పెట్టుకున్న రోగం మూలాన్ని పట్టుకున్నవాడికి, కెల్‌నర్ మొదలుపెట్టిన కార్ఖానా ఇచ్చిన కానుక అది.

లెన్స్ పని గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. ఊరి స్వభావమంతా అందులోనే ఉంది. గాజు బిళ్ళను ముందు ముతక రజనుతో, తర్వాత సన్న రజనుతో అరగదీస్తారు. చివర్లో తారులాంటి మెత్తని పదార్థం పూసిన అచ్చు మీద తడి పొడి వేసి మెరుగుపెడతారు. ఒంపు సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి, ఖచ్చితమైన కొలత ఉన్న మరో గాజును దాని మీద ఆనిస్తారు. రెంటి మధ్య సందులో రంగురంగుల వలయాలు కనిపిస్తాయి. న్యూటన్ వలయాలని ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో చదువుకున్నామే, అవే. వలయాలు ఎన్ని, ఎంత గుండ్రంగా ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఎక్కడ ఎంత తీయాలో చెబుతారు. తేడా కాంతి తరంగంలో ఒక వంతు. మనిషి వెంట్రుక మందం దాని ముందు పెద్ద దూలం.

ఈ పని పుస్తకం చదివి వచ్చేది కాదు. మూడేళ్ళో నాలుగేళ్ళో పెద్ద పనివాడి పక్కన కూర్చుంటే చేతికి పట్టుబడేది. మా ఇంటి యజమానురాలు చెప్పేవారు, వాళ్ళ నాన్నగారు ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కడిగాక కూడా దీపం కేసి పట్టి చూసేవారట. అలాంటి చేతులు ఊళ్ళో వేలల్లో తయారయ్యాయి. లైట్స్ దగ్గర నేర్చుకున్నవాళ్ళు, 1865లో ఈ ఊరికి వచ్చి బైనాక్యులర్లు, దూరదర్శినులు చేసిన హెన్‌సోల్ట్ దగ్గర నేర్చుకున్నవాళ్ళు, బయటికి వచ్చి చిన్న చిన్న కార్ఖానాలు పెట్టుకున్నారు. ఒక కంపెనీ దెబ్బతిన్నా పని మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది.

అలాంటి చేతులు పోతే మళ్ళీ రావని యజమానికీ తెలుసు. 1906లో లైట్స్ తన కార్ఖానాలో ఎనిమిది గంటల పనిదినం పెట్టాడు. జర్మనీలో అది అందరికీ చట్టమైంది 1918లో. అంతకు ముందే కార్మికులకు ఆరోగ్య బీమా, పింఛను ఏర్పాట్లు చేశాడు. దయ ఎంతో, లెక్క ఎంతో వేరుచేసి చెప్పడం కష్టం. రెండూ ఒకే దారిలో నడిచిన ఊరు ఇది.

జేబులో పట్టే కెమెరా

1911లో యేనా నగరంలోని జైస్ సంస్థ నుంచి ఆస్కర్ బర్నాక్ అనే మెకానిక్ లైట్స్‌లో చేరాడు. అతనికి ఫోటోల పిచ్చి, దానితోపాటు ఉబ్బసం. ఆ రోజుల్లో కెమెరా అంటే పెద్ద చెక్కపెట్టె, గాజు పలకలు, మూడు కాళ్ళ స్టాండు. వాటిని మోసుకుని కొండలెక్కడం అతనివల్ల అయ్యేది కాదు. సినిమా ఫిల్ముతో చిన్న కెమెరా చేస్తే ఎలా ఉంటుంది అనుకున్నాడు. సినిమా చిత్రం మరీ చిన్నది, 18 మిల్లీమీటర్లు, 24 మిల్లీమీటర్లు. ఫిల్మును నిలువుగా కాక అడ్డంగా నడిపించి, రెండు చిత్రాల చోటు ఒకదానికి ఇచ్చాడు. 24, 36 మిల్లీమీటర్లయింది. ఈ రోజుకీ ఖరీదైన డిజిటల్ కెమెరాల్లో ఫుల్ ఫ్రేమ్ అంటే అదే కొలత. రెండుకు మూడు నిష్పత్తి. మన పెళ్ళి ఆల్బముల్లో నాలుగు, ఆరు అంగుళాల ప్రింట్లు ఆ నిష్పత్తి నుంచే వచ్చాయి.

మొదటి నమూనా 1914కల్లా తయారైంది. బర్నాక్ దాన్ని పట్టుకుని ఊరంతా తిరిగి ఫోటోలు తీశాడు. ఇంతలో ప్రపంచయుద్ధం వచ్చి అంతా ఆగిపోయింది. యుద్ధం ముగిశాక మరో ఉపద్రవం, ద్రవ్యోల్బణం. 1923 నవంబరులో ఒక్క డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులు పలికింది. జీతం తీసుకున్న గంటలో రొట్టె కొనకపోతే మళ్ళీ కొనలేని రోజులు. పెద్ద లైట్స్ 1920లో చనిపోగా, అతని కొడుకు, ఎర్న్‌స్ట్ లైట్స్ పేరే ఉన్న రెండో తరం యజమాని, 1924 జూన్‌లో తన ముఖ్యుల్ని కూర్చోబెట్టి ఈ బుల్లి కెమెరా చేద్దామా వద్దా అని అడిగాడు. వద్దన్నవాళ్ళే ఎక్కువ. ఫోటోగ్రాఫర్లు దీన్ని ఆటవస్తువు అంటారు, మనకు కెమెరాల వ్యాపారం తెలియదు, డబ్బు చూస్తే లేదు. అందరి మాటా విని, చివర్లో ఆయన సాహసం చేద్దామనే తీర్పు చెప్పాడు. మైక్రోస్కోపుల గిరాకీ తగ్గినా తన పనివాళ్ళ చేతులకు పని ఉండాలన్నది ఆయన ఆలోచనల్లో ఒకటి.

1925 వసంతంలో లైప్జిగ్ సంతలో ఆ కెమెరా జనం ముందుకొచ్చింది. లైట్స్ పేరులోనివి మూడక్షరాలు, కెమెరాలోనివి రెండక్షరాలు కలిపి లైకా అన్నారు. దాని కోసం మాక్స్ బెరెక్ అనే శాస్త్రజ్ఞుడు లెన్స్ రూపొందించాడు. ఆ తర్వాతి కథ ప్రపంచానికి తెలిసిందే. ఫోటోగ్రాఫర్ స్టూడియో వదిలి వీధిలోకి వచ్చాడు. కార్టియే బ్రెసాఁ అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ తన లైకాతో 1948 జనవరిలో ఢిల్లీలో ఉన్నాడు. గాంధీగారిని చివరి రోజున కలిశాడు. ఆ రాత్రి బిర్లా హౌస్ గేటు దగ్గర దీపం వెలుగులో నెహ్రూ ఆ వార్త చెబుతున్న ఫోటో, ఆ తర్వాత అంతిమయాత్ర ఫోటోలు ఆయన తీసినవే. మన దేశ చరిత్రలో ఆ చీకటి రాత్రిని మనం ఈ రోజు చూడగలుగుతున్నామంటే, ఉబ్బసం ఉన్న ఒక మెకానిక్‌కు బరువులు మోయడం కష్టం కావడం వల్లనే.

ఒక ఉత్తరం

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. యూదులకు ఉద్యోగాలు, వ్యాపారాలు, చివరికి పౌరసత్వం కూడా లేకుండా పోతున్నాయి. దేశం విడిచి పోదామంటే ఏ దేశం రానిస్తుంది? అమెరికా వీసా కావాలంటే, అక్కడ తిండికి లోటు లేదని ఎవరో ఒకరు పూచీ పడాలి.

ఎర్న్‌స్ట్ లైట్స్ అప్పటికే ఊళ్ళో ప్రజాస్వామ్య పార్టీ మనిషిగా పేరు పడ్డవాడు, నాజీలకు కంట్లో నలుసు. ఆయన యూదు ఉద్యోగులకు, ఊరి యూదుల పిల్లలకు కంపెనీలో పని నేర్పించి, న్యూయార్క్‌లోని తన అమ్మకాల కార్యాలయానికీ, ఇతర దేశాలకూ ఉద్యోగులుగా పంపడం మొదలుపెట్టాడు. వాళ్ళు అక్కడికి చేరాక ఉద్యోగం కుదిరేదాకా న్యూయార్క్ కార్యాలయం ఆదుకునేది. ఒక్కొక్కరి మెడలో ఒక లైకా కెమెరా కూడా వేసి పంపేవారని చెబుతారు, అవసరమైతే అమ్ముకోవడానికి. 1938 నవంబరులో యూదుల దుకాణాలు, ప్రార్థనా మందిరాలు తగలబెట్టిన తర్వాత ఈ పని ముమ్మరమైంది. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలై సరిహద్దులు మూసుకునే దాకా సాగింది.

దీన్ని తర్వాతివాళ్ళు లైకా స్వేచ్ఛా రైలు అన్నారు. నిజానికి రైలేమీ లేదు. ఉన్నదల్లా కంపెనీ కాగితం మీద ఒక ఉత్తరం, ఫలానా వ్యక్తి మా ఉద్యోగి, ఫలానా చోటుకు పంపుతున్నాం అని. ఎంతమంది అన్న విషయంలో కథలకూ పత్రాలకూ తేడా ఉంది. కథల్లో వందలు, పేర్లతో సహా పత్రాల్లో తేలినవారు పదుల్లో. పదులైనా అవి ప్రాణాలే కదా.

లైట్స్ కూతురు ఎల్జీ, న్యాయశాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి, ఒక యూదు మహిళ స్విట్జర్లాండ్‌కు తప్పించుకోవడానికి సాయం చేసినందుకు 1943లో గెస్టపో ఆమెను పట్టుకుని ఫ్రాంక్‌ఫర్ట్ జైల్లో పెట్టింది. రెండు నెలలు దాటాక, తండ్రి నానా తంటాలు పడితే బయటికొచ్చింది.

చరిత్ర రాసేటప్పుడు ఒకవైపే చూపిస్తే అది చరిత్ర కాదు, స్తోత్రం అవుతుంది. అదే కార్ఖానా జర్మన్ సైన్యానికి దృశ్యపరికరాలు తయారుచేసింది. యుద్ధకాలంలో లైట్స్ కూడా నాజీ పార్టీ సభ్యత్వం తీసుకున్నాడు. ఉక్రెయిన్ నుంచి బలవంతంగా పట్టుకొచ్చిన వందలమంది యువతులు ఆ కార్ఖానాలో వెట్టిచాకిరి చేశారు. వాళ్ళ బాగోగులు చూడబోయిందన్నది కూడా ఎల్జీ మీద మోపిన నేరాల్లో ఒకటి. ఇదంతా ఒకే ఊళ్ళో, ఒకే కాంపౌండ్ గోడ లోపల జరిగింది. ఆ రోజుల్లో చేతులకు మసి అంటకుండా బతికిన పరిశ్రమ జర్మనీలో దొరకదు. మసి అంటిన చేతులతోనే ఎవరినైనా బయటికి లాగారా లేదా అన్నదే అడగవలసిన ప్రశ్న.

యుద్ధం తర్వాత ఆ కుటుంబం దీని గురించి చెప్పుకోలేదు. ఎర్న్‌స్ట్ లైట్స్ 1956లో, ఎల్జీ 1985లో కన్నుమూశారు. ఫ్రాంక్ డబ్బా స్మిత్ అనే లండన్ యూదు మతగురువు పాత పత్రాలు, బతికున్న సాక్షుల్ని వెతికి ఈ కథను వెలికితీశాడు. 2007లో అమెరికాలోని యాంటీ డిఫమేషన్ లీగ్ లైట్స్‌కు మరణానంతరం పురస్కారం ఇచ్చింది.

ఊరి పేరు పోయిన రెండున్నరేళ్ళు

1954లో వచ్చిన లైకా ఎం3 కెమెరాను మించినది చేయలేమని జపాన్ వాళ్ళు వేరే దారి పట్టారు. లెన్స్‌లోంచే నేరుగా చూసే ఎస్సెల్లార్ కెమెరాలు, 1959లో నికాన్ ఎఫ్, ఆ తర్వాత చౌకగా, వరసగా మరెన్నో. వెట్స్లార్ మాత్రం తన పాత నమూనానే సానపడుతూ కూర్చుంది. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఒళ్ళు జలదరించే విషయం ఒకటుంది. దానంతటదే ఫోకస్ చేసుకునే ఆటోఫోకస్ విద్యకు లైట్స్ ముందే పేటెంట్లు తీసుకుని, 1976లో కొలోన్ ప్రదర్శనలో నమూనా కూడా చూపించింది. చేసి అమ్మలేదు. 1985లో మినోల్టా అమ్మింది, మార్కెట్టు కొల్లగొట్టింది. చేతి పనిలో గొప్పవాళ్ళకు చెయ్యి అక్కరలేని యంత్రం మీద నమ్మకం కుదరడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

కంపెనీకి గడ్డుకాలం నడుస్తున్నప్పుడే ఊరికి ఇంకో దెబ్బ తగిలింది. పరిపాలన సౌలభ్యం పేరుతో హెస్సె రాష్ట్ర ప్రభుత్వం 1977 జనవరి 1న వెట్స్లార్‌ను, పక్కనున్న గీసెన్‌ను, మధ్యలోని పల్లెలను కలిపేసి, లాన్ అనే కొత్త నగరాన్ని కాగితం మీద సృష్టించింది. ఎనిమిది వందల ఏళ్ళ ఊరి పేరు చిరునామాల్లోంచి పోయింది. కార్ల నంబరు ప్లేట్ల మీది అక్షరాలు మారిపోయాయి. జనం భగ్గుమన్నారు. రెండు ఊళ్ళవాళ్ళూ ఒకే మాట మీద నిలబడ్డ విషయం ఇదొక్కటే అని మా ఇంటి యజమానురాలు నవ్వుతూ చెప్పారు. ఆ ఏడాది స్థానిక ఎన్నికల్లో అధికార పార్టీ చావుదెబ్బ తింది. 1979 జులై ఆఖరుకు ఆ నగరం రద్దయింది. వెట్స్లార్ మళ్ళీ వెట్స్లార్ అయింది. అయినా పాత డబ్ల్యూజెడ్ నంబరు ప్లేటు తిరిగి రావడానికి 2012 దాకా ఆగాల్సొచ్చింది. నంబరు ప్లేటు మీది రెండక్షరాల వెనక ఎంత మనసు ఉంటుందో ఏపీ, టీఎస్, టీజీ చూసిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పేరు తిరిగొచ్చింది కానీ కెమెరా వెళ్ళిపోయింది. లైట్స్ కుటుంబం చేతిలోంచి సంస్థ జారి, ముక్కలైంది. ఇప్పుడు లైకా పేరుతో వేర్వేరు సంస్థలు ఉన్నాయి. ఒకటి మైక్రోస్కోపులది, ఒకటి భూముల సర్వే పరికరాలది, ఒకటి కెమెరాలది. మన సివిల్ ఇంజనీర్లకు రెండోది బాగా తెలుసు. కెమెరా సంస్థ 1988లో పక్కనున్న జోల్మ్స్ అనే ఊరికి మారింది. వెట్స్లార్‌లో పాత లైట్స్ కార్యాలయ భవనం నగరపాలక సంస్థకు చేరింది. ఈ రోజు జనన ధ్రువపత్రం కావాలన్నా, ఇంటి అనుమతి కావాలన్నా వెట్స్లార్ పౌరులు వెళ్ళేది ఆ భవనానికే.

డిజిటల్ యుగం మొదట్లో కెమెరా సంస్థ దివాలా అంచుకు వచ్చింది. 2004 నుంచి ఆంద్రెయాస్ కౌఫ్‌మన్ అనే ఆస్ట్రియా పెట్టుబడిదారు అందులో డబ్బు పెట్టి నిలబెట్టాడు. 2009లో పాత 24, 36 మిల్లీమీటర్ల కొలతతోనే డిజిటల్ లైకా వచ్చింది. 2014 మేలో, బర్నాక్ మొదటి నమూనాకు వందేళ్ళు నిండిన సందర్భంలో, సంస్థ మళ్ళీ వెట్స్లార్‌కు తిరిగొచ్చింది. ఊరి శివార్లలో కొత్త ఫ్యాక్టరీ, మ్యూజియం కట్టారు. 2022 జూన్‌లో అక్కడే జరిగిన వేలంలో బర్నాక్ సొంతంగా వాడిన కెమెరా 1.44 కోట్ల యూరోలకు అమ్ముడుపోయింది. మైక్రోస్కోపుల సంస్థ అసలు ఊరు వదలనే లేదు. హెన్‌సోల్ట్ వారసులు, లెన్సులు చేసే యంత్రాల తయారీదారులు, చిన్న చిన్న ఆప్టిక్స్ కార్ఖానాలు ఇంకా నడుస్తున్నాయి. కోర్టు పోయింది, ఇనుము పోయింది, చేతి పని మాత్రం నిలిచింది.

మనకు ఇందులో ఏముంది?

మనలో చాలామంది ఈ దేశానికి ఒక కంపెనీ ఇచ్చిన ఉత్తరం పట్టుకుని వచ్చినవాళ్ళమే. దాన్ని హెచ్-1బి కాగితాలన్నాం, ఆఫర్ లెటర్ అన్నాం. 1938లో వెట్స్లార్ నుంచి బయలుదేరినవాళ్ళతో మనల్ని పోల్చుకోవడం తప్పు. మన వెనక ప్రాణభయం లేదు, ఉన్నది మెరుగైన జీవితం మీద ఆశ. కానీ పరాయి దేశపు గుమ్మంలో నిలబడ్డవాడికి ఒక సంస్థ సంతకం ఎంత పెద్దదో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 2009 మాంద్యంలో నేను పనిచేసే చోట ఒక శుక్రవారం పూట ఆ సంతకం విలువ ఏమిటో నేనూ చూశాను. 2023 లేఆఫుల్లో అరవై రోజుల గడువు లెక్కపెట్టుకుంటూ, ఇల్లు, పిల్లల బడి ఏం చేయాలో తోచక కుమిలిపోయిన కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి.

ఈ ఇరవై ఏళ్ళలో మన పరిస్థితి మారింది. ఉత్తరం అందుకునే స్థితి నుంచి ఉత్తరం మీద సంతకం పెట్టే స్థితికి మనలో వందలమంది చేరారు. సొంత కంపెనీలు, కన్సల్టింగ్ సంస్థలు నడుపుతున్నారు. ఈ సభల ప్రాంగణంలోనే, మీ పక్క కుర్చీలోనే అలాంటివారు కూర్చుని ఉండవచ్చు. ఉద్యోగిని గంటల లెక్కన అమ్మే సరుకుగా చూసేవాళ్ళూ మనలో ఉన్నారు. కష్టకాలంలో ప్రాజెక్టు లేకపోయినా జీతం ఇచ్చి నిలబెట్టినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరినీ నేను చూశాను.

వెట్స్లార్ యజమాని 1924లో పనివాళ్ళ కోసం డబ్బు పణంగా పెట్టాడు. 1938లో పనివాళ్ళ కోసమే అంతకన్నా పెద్దది పణంగా పెట్టాడు. మొదటి దాని ఫలితం మ్యూజియంలో అద్దం వెనక ఉంది, కోట్లు పలుకుతోంది. రెండో దాని ఫలితం ఏ మ్యూజియంలోనూ ఇమడదు. న్యూయార్క్‌లోనూ, మరెన్నో ఊళ్ళలోనూ మనవలు, మునిమనవలుగా తిరుగుతోంది.

ఈసారి ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారేటప్పుడు వీలుంటే ఒక్క రోజు ఆగండి. గంట ప్రయాణం. పాత వంతెన మీద నడవండి, సగంలో ఆగిన ఆ చర్చిని చూడండి, ఐజెన్‌మార్క్ట్‌లో నిలబడి మీ ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి. బర్నాక్ తన మొదటి ఫోటోలు తీసిన చోటు అది.